సాలీడు కోసం కొన్న గాజుపెట్టె: పద్దెనిమిది నెలల వాడకం తరువాత

ఇది టరాంటులాలనే పెద్ద నూగు సాలీళ్లను పెంచుకునే వారి కోసమని అమ్ముతున్న ఒక గాజుపెట్టె గురించిన సమీక్ష. పెట్టె అడుగుభాగం 12 అంగుళాల చదరం, ఎత్తు 18 అంగుళాలు, పైన సన్నని ఇనుప జాలీ బిగించిన మూత. దానితోపాటు ఒక చిన్న సంచి కొబ్బరి పొట్టు, ఒక ఎర్ర బల్బు, కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి, స్పాంజి ముక్క పెట్టిన పింగాణీ నీళ్ల గిన్నె, ప్లాస్టిక్ బ్రహ్మజెముడు మొక్క ఇచ్చారు. అన్నీ కలిపి 3,400 రూపాయలైంది. తిరుపతిలోనే కొన్నాను. దుకాణం పేరు రాయకపోవడానికి కారణం మొహమాటం కాదు. ఇదే పెట్టెను ఇదే సరంజామాతో ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు కనుక ఒక్క కొట్టును తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఈ పద్దెనిమిది నెలల్లో ఈ పెట్టెలో ఒక సాలీడు చనిపోయింది, మరొకటి బతికింది. ఆ రెంటికీ మధ్య పెట్టెలో ఏమేం మార్చవలసి వచ్చిందన్నదే ఇక్కడ చెప్పదలచుకున్న విషయం.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఒక ఆడ టరాంటులాను పెంచుకున్నాడు. పై చదువుకు విదేశానికి వెళుతూ దాన్ని బైరాగిపట్టెడలోని మా ఇంట్లో వదిలిపెట్టాడు. అది గ్రామోస్టోలా పుల్క్రిపెస్ అనే జాతి. పరాగ్వే, అర్జెంటీనా దేశాల చాకో మైదానాలు దాని స్వస్థలం. కాళ్ల కీళ్ల మీద పసుపు చారలుంటాయి కాబట్టి మా అమ్మ దానికి బంగారమ్మ అని పేరు పెట్టింది. అడవిలో పట్టినది కాదు, పెంపకంలో పుట్టినదే. వాడు దాన్ని బియ్యం పోసుకునే డబ్బాలాంటి పొట్టి ప్లాస్టిక్ డబ్బాలో, సగానికి పైగా మట్టి నింపి, మూతకు సూదితో బెజ్జాలు పొడిచి ఉంచాడు. అది నా కంటికి నచ్చలేదు. ఇంటికి వచ్చిన వారికి చూపించాలన్నా డబ్బా గోడలోంచి ఏమీ కనపడేది కాదు. గాజుపెట్టె కొనడానికి నాకున్న కారణం అంతకు మించి లేదని ఒప్పుకోవాలి.

గాజుపెట్టెలోకి మార్చిన పదకొండో రాత్రి బంగారమ్మ చనిపోవడానికి దారితీసిన సంఘటన జరిగింది. కొబ్బరి పొట్టు సంచి మొత్తం పోస్తే పెట్టెలో 2 అంగుళాల మందమే వచ్చింది. అంటే నేల నుంచి మూత దాకా 16 అంగుళాల ఖాళీ. రాత్రి పదిన్నరకు చూసేసరికి బంగారమ్మ గాజు మూలను పట్టుకొని పైకెక్కి, జాలీకి తలకిందులుగా వేలాడుతూ ఉంది. టరాంటులా కాలి కొసన పిల్లి గోరులా లోపలికీ బయటికీ కదిలే రెండు చిన్న గోళ్లుంటాయి. ముందరి కుడికాలి గోరు జాలీ కన్నంలో ఇరుక్కుంది. అది ఆ కాలిని లాగుతోంది, వదులుతోంది, మళ్లీ లాగుతోంది. నేను మూత ఎత్తాలా వద్దా అని తటపటాయిస్తున్న ఆ రెండు నిమిషాల్లోనే గోరు ఊడింది. సాలీడు తిన్నగా వచ్చి నీళ్ల గిన్నె అంచు మీద పడింది. పడిన చప్పుడు తడిగుడ్డను బండ మీద వేసినట్టు వినిపించింది. పొట్ట పక్కన గోరంత చీలిక, అందులోంచి లేత నీలపు ఛాయ ఉన్న నీరులాంటి ద్రవం. అబ్బాయికి ఫోన్ చేస్తే, ముందు మొక్కజొన్న పిండి అద్దమని, ఆగకపోతే చీలిక అంచులకు ఫెవిక్విక్ చుక్క వేయమని చెప్పాడు. రెండూ చేశాను. కొన్ని ప్రాణాలు అలా నిలబడతాయట. ఇది నిలబడలేదు. తెల్లారేసరికి ఎనిమిది కాళ్లూ పొట్ట కిందికి ముడుచుకుపోయాయి.

సాలీడు చనిపోతే కాళ్లెందుకు ముడుచుకుంటాయో అప్పటిదాకా నాకు తెలియదు. దాని కాళ్లను లోపలికి ముడిచే కండరాలున్నాయి గాని, ప్రధానమైన కీళ్లను చాపే కండరాలు లేవు; ఒంట్లోని రక్తద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెట్టి వాటిని చాపుతుంది. ద్రవం కారిపోయినా, ఒళ్లు ఎండిపోయినా ఆ ఒత్తిడి పడిపోతుంది, కాళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. పైగా నేల మీద తిరిగే టరాంటులాల పొట్ట బరువైనది, దాని మీది చర్మం మాత్రం పలచనిది. అందుకే పెంపుడు టరాంటులాలను చంపేవాటిలో పడిపోవడం ముందు వరసలో ఉంటుంది. అనుభవజ్ఞులు పాటించే కొలత ఒకటుంది: నేల నుంచి మూత దాకా ఉండే ఎత్తు సాలీడు కాళ్లు చాపినప్పటి పొడవుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. బంగారమ్మ కాళ్ల పొడవు 5 అంగుళాలు. ఏడెనిమిది అంగుళాలు ఉండవలసిన చోట నేను పదహారు ఉంచాను. అబ్బాయి ప్లాస్టిక్ డబ్బాలో ఆ ఖాళీ ఆరు అంగుళాలే.

ఇక్కడ తయారీదారుకు న్యాయం చేయాలి. పెట్టె వచ్చిన అట్టడబ్బా మీద మెరిసే నీలిరంగు సాలీడు బొమ్మ ఉంది. ఆ బొమ్మను గమనించి ఉంటే నాకు ముందే అర్థమయ్యేది. అది పోయెసిలోథీరియా మెటాలికా, చెట్టు తొర్రల్లో బతికే జాతి. అటువంటి దానికి నిలువు పెట్టె, లోపల నిలబెట్టిన బెరడు ముక్క సరిగ్గా సరిపోతాయి. దాని శరీరం సన్ననిది, ఎక్కడం దిగడం దాని పని. నేల తవ్వుకొని బతికే బంగారమ్మకు అదే పెట్టె చెట్టెక్కించిన ఆవులా అయింది. దుకాణంలో “ఏ సాలీడుకైనా ఇదే సార్, అందరూ ఇదే తీసుకుంటా ఉండారు” అన్న మాటలో అబద్ధం రెండో సగంలో లేదు, మొదటి సగంలో ఉంది.

ఆ నీలి సాలీడు మన రాయలసీమదే. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించాడు. కలపతో పాటు రైలెక్కి వచ్చిందే తప్ప అది గుత్తిలో పుట్టిన ప్రాణి కాదు. మళ్లీ అది శాస్త్రవేత్తల కంటబడింది 2001లో, నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవిలో. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించినప్పుడు, అది ఉన్న ప్రాంతం వంద చదరపు కిలోమీటర్ల లోపేనని లెక్క వేశారు. అడవిలో దాని చావుకు కారణాలు మన ఇంటి కారణాల వంటివి కావు: తొర్రలున్న ముసలి చెట్లను కలపకూ వంటచెరుకుకూ కొట్టేయడం, మిగిలిన వాటిని పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోవడం. చెట్టు పడితే తొర్రలోని తల్లీ పిల్లలూ అన్నీ ఒకేసారి వీధిన పడతాయి. దాని బొమ్మను అట్టడబ్బా మీద వేసి అమ్ముతున్న కంపెనీ ఈ సంగతి ఒక్క వాక్యమైనా అచ్చు వేయలేదు. పెంచుకునే వారికి మరో సమాచారం: వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ పట్టికల్లోకి ఎక్కిన విదేశీ జాతులను పెంచుకుంటే, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి.

అడవిలో టరాంటులాకు మనిషి కాక ఉన్న శత్రువుల్లో భయంకరమైనది కందిరీగ. అమెరికా ఖండాల్లోని పెప్సిస్ కందిరీగ తనకంటే బరువైన టరాంటులాను కుట్టి, చంపకుండా కదలలేని స్థితికి తెచ్చి, గుంటలోకి ఈడ్చుకుపోయి దాని పొట్ట మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పురుగు సాలీడును బతికుండగానే తింటుంది. ఆహారం చెడిపోకుండా ముఖ్యమైన అవయవాలను చివరికి వదులుతుంది. ఇవి కాక సాలీడు ఒంటి లోపల పెరిగే ఈగల పిల్లలు, పక్షులు, కార్చిచ్చు, ఆడదాన్ని వెదుకుతూ రోడ్డు దాటే మగవాటి మీదికెక్కే చక్రాలు, చీపురుకట్ట. చీపురుకట్ట మాట వేళాకోళం కాదు. కొన్ని జాతుల కాటు తీవ్రమైన కండరాల నొప్పి తెస్తుంది గాని టరాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన సంఘటన లేదు, అయినా కనపడగానే కొట్టడం మన అలవాటు.

తిరిగి పెట్టె దగ్గరికి వస్తాను. సరంజామాలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది వేడి రాయి. చలి దేశాల కోసం తయారైన వస్తువును తిరుపతిలో అమ్మడమే వింత. మే నెలలో 42 డిగ్రీలు మామూలైన ఊరు ఇది, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకునే సీమ ఇది. వింత సంగతి అటుంచితే దాని పనితీరులోనే లోపముంది. ఎండ దెబ్బ తగిలినప్పుడు టరాంటులా చేసే పని ఒక్కటే, మట్టిలోకి ఇంకా లోతుకు తవ్వుకుపోవడం, ఎందుకంటే నేల కింద ఎప్పుడూ చల్లగా ఉంటుంది. కింద రాయి కాలుతుంటే అది తప్పించుకుందామని తవ్విన కొద్దీ వేడికి దగ్గరవుతుంది. ఎర్ర బల్బు పని దానికి తోడు: పై నుంచి గాలిని ఎండగొడుతుంది. పొట్ట ముడతలు పడి కిస్‌మిస్ పండులా కావడం, నడక తడబడడం, కాళ్లు లోపలికి రావడం ఒంట్లో నీరు తగ్గిపోతున్న గుర్తులు. ఈ రెండు వస్తువులనూ నేను ప్లగ్గులో పెట్టనే లేదు. పెట్టెను పడమటి కిటికీ దగ్గర నుంచి మాత్రం ఏప్రిల్‌లోనే మార్చవలసి వచ్చింది. సాయంత్రపు ఎండ గాజు మీద అరగంట పడితే లోపలి గాలి బయటి కంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది.

నీళ్ల గిన్నెలో స్పాంజి ఎందుకో నాకు ఎవరూ చెప్పలేకపోయారు. సాలీడు మునిగిపోకుండా అని దుకాణం వారి వివరణ. లోతు తక్కువ గిన్నెలో టరాంటులా మునగదు. అది పొట్ట కింద ఉన్న రంధ్రాలతో ఊపిరి పీలుస్తుంది, నోరు తలకింద ఉంటుంది, హాయిగా వంగి నీళ్లు తాగుతుంది. స్పాంజి మాత్రం నాలుగో రోజుకు జిగురెక్కి వాసన కొట్టింది. తీసి పారేశాను. ప్లాస్టిక్ బ్రహ్మజెముడుకు నిజమైన ముళ్లంత గట్టి ముళ్లున్నాయి. దాని మీద పడినా పొట్ట చీలేదే. అదీ పారేశాను. కొబ్బరి పొట్టు నాణ్యత బాగుంది, ఉప్పు వాసన లేదు, కానీ ఇచ్చింది 5 లీటర్లకు మించదు.

రెండో సాలీడు అబ్బాయి స్నేహితుడు ఇచ్చినది, అదే జాతి ఆడది. దాన్ని తెచ్చే ముందు పెట్టెను మార్చాను. కొబ్బరి పొట్టు, ఎర్రమట్టి, కొంచెం ఇసుక కలిపి, కొద్దిగా తడిపి, అదిమి, 11 అంగుళాల మందం నింపాను. అందుకు దాదాపు 26 లీటర్ల మట్టి పట్టింది. ఖాళీ 7 అంగుళాలకు తగ్గింది. బరువు ఎంత పెరిగిందంటే, పాత టీపాయ్ కాళ్లు వంగేటట్టున్నాయని పెట్టెను గ్రైండర్ ఉండిన ఇనుప స్టాండు మీదికి మార్చాం. ఇంత బరువుకు అడుగు గాజు చెక్కు చెదరలేదు, మూలల సిలికాన్ అతుకులు ఊడలేదు. ఈ పెట్టెలో నేను మనసారా మెచ్చుకోగలిగేది అదే. జాలీని ఫ్రేము నుంచి కోసి తీయించి, దాని చోట 4 మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు బిగించి, డ్రిల్లుతో సన్న రంధ్రాలు వేయించాను. మట్టికి, అక్రిలిక్‌కు కలిపి 950 రూపాయలైంది. అంటే సాలీడు బతికే పెట్టె ఖరీదు 4,350 రూపాయలు.

పెట్టె ఎంత బాగున్నా ఇంట్లో గాలి బాగుండకపోతే లాభం లేదు. దోమల కోసం ప్లగ్గులో పెట్టే ద్రవాల్లో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ వంటి పైరిత్రాయిడ్ మందులుంటాయి. అవి కీటకాల నరాలను దెబ్బతీసే మందులు, సాలీళ్లనూ వదలవు. తిరుపతిలో దోమలను భరించి మందు వద్దనడం కష్టమే. మేము దోమతెరలకు మారాం. పక్కింటి వారు చెద మందు కొట్టించిన వారం పెట్టెను మేడ మీది గదికి మార్చి తలుపు కింద తడిగుడ్డ పెట్టాను. కుక్కకు పిడుదుల మందు రాసిన చేతితో పెట్టె ముట్టకూడదు. కొన్ని టరాంటులాలు ఉన్నట్టుండి కాళ్లు కొట్టుకుంటూ, తిన్నగా నడవలేక, కొన్ని వారాల్లో చనిపోతాయి. దానికి ఇదీ కారణమని తేలకపోయినా పురుగుమందుల మీదే ఎక్కువ అనుమానం. ఆహారంగా వేసే కీటకాలతోనూ ఇదే చిక్కు. ఉచితంగా దొరుకుతున్నాయని పొలాల్లో మిడతలు పట్టి తేవద్దు. చిత్తూరు వైపు తోతాపురి తోటల్లో పూత దశలో తేనెమంచు పురుగుకు ఎన్ని విడతలు మందు కొడతారో తోటలున్న వారికి తెలుసు. నేను పెంపకందారు దగ్గర ఇలకోళ్లు, అంటే కీచురాళ్లు, తెప్పించుకుంటాను.

రోగాలు లేవని కాదు. నోటి చుట్టూ తెల్లని ముద్దలా చేరే సన్న పురుగులు, అంటే నెమటోడ్లు, వస్తే సాలీడు తిండి మానేసి మెల్లగా క్షీణించిపోతుంది. వాటిలో ఒక కొత్త జాతిని కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు 2022లో టరాంటులాల నుంచే వర్ణించారు. దానికి నమ్మదగిన చికిత్స లేదు. అయినా, చదివిన దాన్నీ చూసిన దాన్నీ బట్టి, ఇంట్లో చనిపోయే టరాంటులాల్లో ఎక్కువ భాగం రోగంతో కాక మన చేతులతోనే పోతున్నాయని నాకు అనిపిస్తోంది. మగవాటి సంగతి వేరు: చివరి కుబుసం విడిచి పెద్దవైన తరువాత అవి ఎంత జాగ్రత్తగా చూసినా ఏడాది, రెండేళ్లకు మించి బతకడం అరుదు. ఆడవి ఇరవై ఏళ్లు దాటి బతకగలవు. కొనేటప్పుడు మగదో ఆడదో అడగని వారు తరువాత దుకాణాన్ని తిట్టడం నేను విన్నాను. అది న్యాయం కాదు.

మార్చిన పెట్టెకు అసలు పరీక్ష నవంబరులో వచ్చింది. సాలీడు మూడు వారాలుగా తిండి ముట్టలేదు, పొట్ట మీది బోడి చోటు నల్లబడింది. ఒకరోజు తెల్లవారుజామున అమ్మ గట్టిగా పిలిచింది. “నాయినా, ఇది గూడా సచ్చిపోయిందిరా! ఎల్లకిలా పడుండాది చూడు.” వెళ్లి చూస్తే నిజంగానే వెల్లకిలా, కాళ్లు పైకి, కదలిక లేకుండా ఉంది. చచ్చిన సాలీడు మామూలుగా వెల్లకిలా పడదు, ముడుచుకొని బోర్లా ఉంటుంది. వెల్లకిలా పడుకున్నది కుబుసం విడుస్తోంది. ఈ తేడా తెలియక బతికున్న సాలీళ్లను చెత్తబుట్టలో వేసిన వారున్నారు, కదిపి చూద్దామని పుల్లతో పొడిచి చంపిన వారూ ఉన్నారు. అమ్మను కుర్చీ వేసుకొని కూర్చోమన్నాను. రెండు గంటల తరువాత వీపు పెంకు అంచు దగ్గర సన్నని గీత పడి డబ్బా మూతలా తెరుచుకుంది. ఆ తరువాత కాళ్లు ఒక్కొక్కటే, తడి చేతి తొడుగులోంచి వేళ్లు లాగుతున్నట్టు, కొంచెం లాగి కొంచెం ఆగి బయటికి వచ్చాయి. కొత్త కోరలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఆ కోరలు నల్లబడి గట్టిపడే దాకా, అంటే పది రోజులు, ఇలకోడిని లోపల వేయలేదు. ఒళ్లు మెత్తగా ఉన్న సాలీడును ఆకలిగొన్న ఇలకోడి కొరికి తినేయగలదు. పెట్టెలో తినకుండా మిగిలిన ఇలకోడిని మామూలు రోజుల్లో కూడా మర్నాటికి తీసేస్తాను. మట్టి అడుగున తేమ ఉండడం వల్లనే ఆ కుబుసం చిక్కుకోకుండా వచ్చిందని నా నమ్మకం. 2 అంగుళాల పొట్టుతో, జాలీ మూతతో ఆ తేమ ఒక్క రాత్రి కూడా నిలిచేది కాదు.

చెట్టు మీద బతికే జాతి ఉన్నవారు ఈ పెట్టెను జాలీ మార్చుకొని నిశ్చింతగా కొనవచ్చు. వారికి నేను ఐదుకు నాలుగు ఇస్తాను. నేల జాతులు పెంచే వారికి కొన్నది కొన్నట్టుగా ఐదుకు ఒకటి, మార్చుకున్నాక మూడు. కుబుసాన్ని ఒక గాజు సీసాలో వేసుకొని పోయిన నెల అదే దుకాణానికి వెళ్లి చూపించి, జాలీ సంగతి, ఎత్తు సంగతి చెప్పాను. అక్కడి కుర్రాడు శ్రద్ధగా విన్నాడు, సీసాను ఫోటో తీసుకున్నాడు, అక్రిలిక్ మూత అడిగిన వారికి విడిగా చేయించి ఇస్తామన్నాడు. వేడి రాయి మాత్రం సరంజామాలో ఇంకా ఇస్తున్నారు. అబ్బాయి వదిలివెళ్లిన ప్లాస్టిక్ డబ్బాను కడిగి దాచాను. ఇప్పుడు అందులో ఇలకోళ్లు ఉంటున్నాయి.